లారీ ముందున్న ఖాళీ మీది కాదు

31 ఏళ్లు లారీ తోలి, ఇప్పుడు కోదాడలో ఇంటిపట్టున ఉంటున్న డ్రైవరు బాబాయ్ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.

ప్రశ్న: బాబాయ్ గారూ, ఈమధ్యే కారు నేర్చుకున్నాను. నెలకోసారి హైదరాబాద్ నుంచి విజయవాడ అమ్మ దగ్గరికి వెళ్తాం. లారీలు కుడి లేన్ వదలవు, హారన్ కొట్టినా సైడ్ ఇవ్వవు. ఎడమ నుంచి లాగించెయ్ అంటారు మావారు. నాకేమో టెన్షన్‌తో చేతులు వణుకుతాయి. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, చేతులు వణకడం మంచిదే. మీవారికి కూడా కాస్త వణికితే బాగుండేది.

ముందు మా తప్పు ఒప్పుకుంటాను. బరువు బండి ఎడమ లేన్‌లోనే పోవాలి. కానీ ఆ హైవే మీద ఎడమ పక్కన ఏముంటుందో మీరూ చూసే ఉంటారు. ఎదురొచ్చే మోటార్ సైకిళ్లు, చెయ్యెత్తిన చోటల్లా ఆగే ఆటోలు, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు. లోడు బండి ఒకసారి నెమ్మదిస్తే మళ్లీ ఊపు అందుకోవడానికి గేరు తరవాత గేరు మారుస్తూ కూర్చోవాలి. అందుకే కుడి లేన్ పట్టుకుని వదలం. సమర్థించుకోవడం లేదు, సంగతి చెబుతున్నాను.

ఎడమ నుంచి మాత్రం వద్దు. మన దగ్గర డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఎడమ డోరు కింద ఏముందో అంత ఎత్తు నుంచి మాకు కనబడదు, అద్దంలోనూ సరిగ్గా పడదు. వెనకటికి అటువైపు క్లీనర్ ఉండేవాడు. తల బయటపెట్టి చూసి, 'పోనీ పోనీ' అనో, 'ఆగన్నా' అనో అరిచేవాడు. ఇప్పుడు చాలా బళ్లలో డ్రైవరు ఒక్కడే. మీరు ఎడమ నుంచి సగం దూరం వచ్చాక వెనక ఏ బస్సో హారన్ కొట్టిందనుకోండి, దానికి సైడ్ ఇద్దామని ఆయన ఎడమకే జరుగుతాడు. అక్కడ మీరున్నారని ఆయనకు తెలీదు.

దూరంగా వెనకే ఉండి, లారీ కుడి అద్దంలో డ్రైవరు మొహం కనబడేలా కొంచెం కుడికి జరగండి. ఆయన మొహం మీకు కనబడకపోతే మీరూ ఆయనకు కనబడనట్టే. అప్పుడు ఒక హారన్, పగలైనా సరే ఒక డిప్పర్. సైడ్ ఇచ్చాక తాత్సారం చెయ్యకుండా దాటెయ్యండి. లారీ పక్కన సమంగా నడుపుతూ ఫోన్లో కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎంతకీ జరగలేదా, వెనకే రండి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఏదో ఒక టోల్‌గేటు దగ్గర లారీ వరసలో చిక్కుకుంటుంది. మీ అమ్మగారు పది నిమిషాలు ఆగుతారు.

దాటాక వెంటనే లారీ ముందుకు కోసుకు రావద్దు. మీ లోపలి అద్దంలో లారీ మొత్తం కనబడాలి, దాని ముందు కాస్త రోడ్డు కూడా కనబడాలి. పది టైర్ల లారీకి చట్టం ఒప్పుకున్న బరువే 28.5 టన్నులు. దాని ఎయిర్ బ్రేకు తొక్కీతొక్కగానే పట్టదు, పైపుల్లో గాలి వెనక చక్రాల దాకా పోవాలి. మేం ముందు ఖాళీ వదిలేది అందుకు. టోల్ దాటగానే ఆ ఖాళీలోకి ఒక కారు దూరుతుంది. మళ్లీ వదులుతాం, ఇంకోటి దూరుతుంది. సూర్యాపేట వచ్చేసరికి నాకు పిక్కలు పట్టేసేవి.

ప్రశ్న: సార్, టిప్పర్లు కుడికి పోతున్నట్టు వచ్చి హఠాత్తుగా ఎడమకు తిరుగుతాయి. బైక్ మీద పక్కన ఉంటే చచ్చినంత పనవుతుంది. తాగి నడుపుతారా?
— డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: తాగేవాళ్లు లేరని చెప్పను. కానీ నువ్వు చూసింది అది కాదు బాబూ. పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మూల మీద స్తంభమో దుకాణమో తగలకుండా డ్రైవరు ముందు కుడికి వెడల్పుగా తీసుకుని, అప్పుడు ఎడమకు తిప్పుతాడు. ఎడమ పక్కన ఏర్పడిన సందు చూసి బైకులు దూరతాయి. ఆ సందు మూసుకుపోయేదే.

మీ ఊళ్లోనే ఒక రైస్ మిల్లులోంచి లోడుతో బయటికొస్తూ ఎడమకు తిప్పాను. క్లీనర్ కుర్రాడు డోరు మీద దబదబా బాదాడు. బ్రేకు తొక్కి దిగి చూస్తే, వెనక చక్రానికి జానెడు దూరంలో పాల క్యాన్లతో టీవీఎస్ ఫిఫ్టీ. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. క్యాన్ మూత సరిచేసుకుని బీడీ ఉందా అని అడిగాడు. నా దగ్గర లేదు.

సిగ్నల్ దగ్గర టిప్పర్ ముక్కు కింద కూడా ఆగకు. క్యాబిన్ ఎత్తుకు అక్కడున్న బైక్ కనబడదు.

ప్రశ్న: రాత్రిళ్లు తిరుపతి వెళ్తుంటాం. ఆగి ఉన్న లారీని కారు గుద్దిందని తరచూ పేపర్లో చదువుతున్నాం. ముందే ఎలా కనిపెట్టాలి?
— రాజమండ్రి పాఠకుడు

జవాబు: 80లో పోతుంటే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. డిప్ లైటులో మీకు స్పష్టంగా కనబడే రోడ్డు రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. కాబట్టి ఎదురు బండి లేనప్పుడు హైబీమ్ వెయ్యండి, ఉన్నప్పుడు వేగం తగ్గించండి.

వెనక ఒక్క ఎర్ర లైటే కనబడితే బైక్ అనుకోవద్దు, రెండో లైటు కాలిపోయిన లారీ కావచ్చు. లైటు వెలుగుతోంది కదా, కదులుతోంది అనుకోవడమూ పొరపాటే. ఫ్లైఓవర్ ఎక్కే లోడు బండి ఒక్కోసారి సైకిల్ వేగంతో పోతుంది. తెల్లవారుజామున మూడు దాటాక మా కళ్లూ మూతపడతాయి, మీ కళ్లూ మూతపడతాయి. ఆ వేళకు ఏదైనా వెలుతురున్న బంకులో ఆగి పడుకోండి, సుప్రభాతం టీవీలో చూడొచ్చు.

రోడ్డు మీద పచ్చి కొమ్మో, వరసగా రాళ్లో కనబడితే ముందు బండి చెడిపోయి ఉందని గుర్తు. ఎర్ర ట్రయాంగిల్ పెట్టాలని నియమం, చాలామంది కొమ్మతోనే సరిపెడతారు. దాటాక 1033కి ఫోన్ చేసి చెప్పండి, హైవే పెట్రోలింగ్ వాళ్లు వస్తారు. బండి బాగయ్యాక మాత్రం ఆ రాళ్లు తీసి పక్కన పడేసే డ్రైవర్లు తక్కువ. నేనూ రెండు మూడుసార్లు అలాగే వదిలేసి పోయాను.