సంబంధాల కోసం ఎంటెక్ చేయించకండి

ప్రశ్న: మా అబ్బాయికి 32 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాడు. ఏఐ వల్ల ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడుతున్నాడు. మానేసి రెగ్యులర్ ఎంటెక్ చేస్తానంటాడు. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేస్తే దానికి విలువ ఉంటుందా? సంబంధాలు చూస్తున్నాం. ఉద్యోగం లేదంటే ఎలా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది సార్. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, రాసేది ఎక్కువగా తండ్రులే. 32 ఏళ్ల మనిషి చదువు గురించి నాన్న రాయడమేమిటి? విసుక్కుంటున్నానని ఏమీ అనుకోకండి. ఉద్యోగం పోతుందేమోనని అతని భయం. పిల్లనెవరిస్తారని మీ భయం. మీ భయం తీరడానికి అతనితో ఎంటెక్ చేయించకండి, మాన్పించకండి కూడా.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి రెగ్యులర్‌లో చేరితే వచ్చే స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు. ఫ్లాట్ ఈఎంఐ కడుతుంటే అది ఏ మూలకు? కంపెనీ ఆరోగ్య బీమాలో మీ దంపతుల పేర్లుంటే, రాజీనామాతో అదీ పోతుంది. ఈ వయసులో కొత్త పాలసీ ప్రీమియం ఎంతో ఒకసారి కనుక్కోండి. పైగా క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు ఎంటెక్ వాళ్లను ఫ్రెషర్ల లెక్కలోనే చూస్తాయి. పరిశోధనకో, చిప్ డిజైన్‌కో పూర్తిగా దారి మార్చుకునేవాళ్లకు రెగ్యులరే మంచిది. మీవాడిది ఆ ఆలోచన లాగా లేదు.

పార్ట్‌టైమ్‌కు విలువ లేదన్నది పాత మాట. బిట్స్ పిలానీ ఉద్యోగుల కోసం నడిపే ఎంటెక్ నాలుగు సెమిస్టర్లు. గేట్ అక్కర్లేదు, కంపెనీ ఒప్పుకోవాలి. కష్టమంతా శుక్రవారం అర్ధరాత్రి దాకా అమెరికా కాల్స్, తెల్లారితే క్లాసు అన్నచోటే. రెండో సెమిస్టర్‌కే చేతులెత్తేసినవాళ్లను చూశాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీరు అడగని మూడో దారి, నెలల్లో ముగిసే ఏఐ సర్టిఫికెట్ కోర్సులు. పైన పెద్ద విద్యాసంస్థ పేరు, కింద అమ్మే కంపెనీ పేరు. ‘ఇవాళే ఆఖరు సార్’ అంటూ ఫోన్లు. అది డిగ్రీ కాదు. ప్లేస్‌మెంట్ సపోర్ట్ అంటే చాలాచోట్ల రెజ్యూమె దిద్దిపెట్టడమే. ఒకప్పుడు నేనూ ఒకరిద్దరికి చెప్పాను. లక్షలు కట్టి, రికార్డు చేసిన వీడియోలు చూసి, పాత కుర్చీలోనే ఉన్నారు. అప్పు మీద చేరితే, కోర్సు వదిలేసినా వాయిదాలు వదలవు. అన్నీ ఇలాంటివేనా అంటే కాదు. కానీ ఏది మంచిదో ఫీజు కట్టేముందు తెలుసుకునే మార్గం నాకైతే కనబడలేదు. అందుకే చెప్పడం మానేశాను.

టెస్టింగ్ మొత్తం రేపే మాయమైపోదు. ఏఐ రాసిన కోడ్‌నూ ఎవరో ఒకరు పరీక్షించాలి కదా! సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో తొమ్మిదేళ్లు చూసినవాడికి ఆ అనుభవం ఊరికే పోదు. కాబట్టి ఉద్యోగం ఉంచుకుని పార్ట్‌టైమ్ వైపే నా మొగ్గు.

అదీ వెంటనే కాదు. ముందు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో, ఏఐకి మూలమైన మెషీన్ లెర్నింగ్ మీద 12 వారాల కోర్సు ఒకటి చేయమనండి. పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. పన్నెండు ఆదివారాలు కూర్చోగలిగితే నాలుగు సెమిస్టర్ల మాట ఆలోచించవచ్చు. కూర్చోలేకపోతే లక్షలు మిగిలాయి.

ఈసారి ఉత్తరం అతన్నే రాయమనండి. అతను చేసేది మనిషే స్వయంగా పరీక్షించే మాన్యువల్ టెస్టింగో, ప్రోగ్రాములతో పరీక్షించే ఆటోమేషనో మీరు రాయలేదు. అది తెలిస్తే నేను చెప్పేది కొంత మారవచ్చు.