అమెరికాలో మొదటి ఖాతా ఎక్కడ?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఉద్యోగం మీద డాలస్ వచ్చి పది రోజులైంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) ఇంకా రాలేదు. ఏ బ్యాంకు మంచిదన్నా? ఊళ్లో పాత ఖాతా అట్లనే ఉంచొచ్చా?

జవాబు: తమ్ముడూ, బ్యాంకు పేరు చూడకు, నెలకు ఎంత కోస్తారో అడుగు. నేను కొత్తగా వచ్చినప్పుడు రూమ్‌కి దగ్గరని ఒకదాంట్లో తెరిస్తే, బ్యాలెన్స్ తగ్గిందని నెలకు 12 డాలర్లు కోసుకుంటూ పోయారు, మూడో నెల స్టేట్‌మెంట్ చూస్తే గాని తెలియలేదు. జీతం నేరుగా పడితే చాలాచోట్ల ఆ ఫీజు ఉండదు. నంబర్ లేదని టెన్షన్ వద్దు, పాస్‌పోర్టు, వీసా, అద్దె అగ్రిమెంట్ చూసి తెరిచే బ్యాంకులున్నాయి, కాకపోతే బ్రాంచికి వెళ్లాలి. ఎఫ్‌డీఐసీ (ఇక్కడ బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) బీమా ఉంటే బ్యాంకు మునిగినా 2,50,000 డాలర్ల దాకా భద్రం.

ఊళ్లో ఖాతా అట్లనే ఉంచొద్దు. ఫెమా (ఇండియా విదేశీ మారక చట్టం) ప్రకారం దాన్ని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా ఆదాయం వేసుకునే ఖాతాగా, మార్పించాలి, పొలం కౌలు డబ్బులు అందులోనే వేయించుకో. అమెరికా నుంచి పంపే జీతానికి ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వేరే తెరువు. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో మాత్రం లెక్క చూపించాల్సి వస్తుంది (మనోళ్లు చాలామంది మర్చిపోయేది ఇదే).