కుడ్జు వేళ్ల పిండి కార్న్‌ఫ్లోర్‌కి బదులు పనికొస్తుందా?

జార్జియాలో మీ పెరటి చెట్లన్నిటినీ కుడ్జు తీగ కమ్మేసిందనీ, దాని వేళ్ల పిండిని కార్న్‌ఫ్లోర్ బదులు వాడొచ్చా అనీ అడిగారు. నిస్సందేహంగా వాడొచ్చు. నేనుండేది అలబామాలో, చలికాలంలో తవ్వి వాడుతుంటాను. సూపులకీ పళ్ల సాస్‌లకీ నాకు ఇదే నచ్చుతుంది. పచ్చిపిండి వాసన రాదు, ఉడికాక అద్దంలా మెరుస్తుంది.

తవ్వాల్సింది ఆకు రాలిపోయాకే. వేసవంతా తీగ తయారుచేసుకున్న పిండి అప్పుడు వేళ్లలో ఉంటుంది. రోడ్ల పక్కనా, రైలు పట్టాల పక్కనా ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి, అక్కడ కలుపు మందులు కొడతారు. ఆ తీగల మధ్యే పాయిజన్ ఐవీ (తాకితే ఒళ్లు దద్దుర్లెక్కే తీగ) కూడా పెరుగుతుంది కాబట్టి చేతులకి తొడుగులు తప్పనిసరి.

అసలు చాకిరీ కడగడంలో ఉంది. వేరు చెక్కు తీసి, ముక్కలు కోసి, చన్నీళ్లతో మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో పిండాలి. గోధుమరంగు నీళ్లు వస్తాయి. కదపకుండా ఓ రాత్రి ఉంచితే పిండి అడుగున పేరుకుంటుంది. పైనీళ్లు వంచేసి, మళ్లీ చన్నీళ్లు పోసి కలిపి, మళ్లీ తేరనివ్వాలి. నీళ్లలో రంగు పోయేదాకా ఇదే పని. ఇక్కడ తొందరపడితే పిండికి చేదు మిగిలిపోతుంది. జపాన్‌లో నారా దగ్గరి యోషినోలో పేరున్న కుజు (కుడ్జుకి జపనీస్ పేరు) పిండిని చలికాలపు నీళ్లలో ఇలాగే పదేపదే కడిగి తీస్తారు. ఆ దేశం నుంచి 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకి అలంకారపు తీగగా వచ్చిన మొక్క ఇది. 1930లలో నేల కోత ఆపడానికని అమెరికా ప్రభుత్వమే రైతులకి డబ్బిచ్చి మరీ నాటించింది. వంటింటి వాడకం మాత్రం దాని వెంట రాలేదు, నాకు అదే బాధ.

బుట్టెడు వేళ్లకి వచ్చే పిండి కొంచెమే, ముందే చెబుతున్నాను. ఎండబెడితే గట్టి పలుకులవుతుంది, నలిపి సీసాలో పోసుకోండి.

వాడేటప్పుడు వేడి పులుసులో నేరుగా వేయొద్దు, ఉండలు కడుతుంది. చన్నీళ్లలో కరిగించి, సన్నటి మంట మీద తిప్పుతూ పోయాలి. తెల్లగా ఉన్నది పారదర్శకంగా మారాక ఇంకో నిమిషం ఉడికించండి. కప్పు ద్రవానికి ఒక టేబుల్‌స్పూన్ వేస్తే సాస్ చిక్కదనం వస్తుంది. రెండు వేస్తే చల్లారాక ముక్కలు కోసేలా గడ్డకడుతుంది.

తీగ మళ్లీ మొలిచేది వేరు పైన, నేలమట్టానికి ఉండే బుడిపె నుంచి. దాన్ని కోసి కంపోస్టులో వేయకండి, పూర్తిగా ఎండిపోనివ్వండి. మొక్కని మరో రాష్ట్రానికి తీసుకెళ్లే పనైతే అక్కడి నియమాలు చూసుకోండి, కొన్నిచోట్ల నిషేధం ఉంది.

ఇంత పని వద్దనుకుంటే జపనీస్ కిరాణాలో కుజు దొరుకుతుంది. కొన్నిటిలో చిలగడదుంప పిండి కలుపుతారు, కాబట్టి ప్యాకెట్ మీద ‘హోన్‌కుజు’ (అంటే అసలు కుజు) అని ఉన్నది తీసుకోండి.