ఉద్యోగం మానేసి ఫిట్‌నెస్ కోచ్ కావచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ సపోర్ట్‌లో పని చేస్తున్నాను. చేతికి నెలకు రూ.72 వేలు వస్తాయి, బేసిక్ రూ.39 వేలు. ఈ కంపెనీలో చేరి 4 ఏళ్ల 5 నెలలైంది. నా భార్య టీచరు, ఆమె జీతం రూ.26 వేలు. ఒక బాబు. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు రూ.65 వేలు. ఎఫ్‌డీలో రూ.3.5 లక్షలున్నాయి. వచ్చే నెల రాజీనామా చేసి, పీఎఫ్ డబ్బుతో ట్రైనర్ కోర్సు చేసి, జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌గా చేరాలనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: కోచ్ అవ్వండి, వద్దనను. కానీ వచ్చే నెల రాజీనామా మాత్రం చేయకండి.

ఇంకో ఏడు నెలలు ఆగితే మీకు అయిదేళ్ల సర్వీసు నిండుతుంది, గ్రాట్యుటీ (ఎక్కువ కాలం పనిచేసినందుకు కంపెనీ ఇచ్చే మొత్తం) వస్తుంది. బేసిక్ రూ.39 వేలను 26తో భాగించి, 15తో, తర్వాత అయిదేళ్లతో హెచ్చిస్తే రూ.1,12,500. దీని మీద పన్ను కూడా ఉండదు. ఇప్పుడే మానేస్తే ఇదంతా వదులుకున్నట్టే. పీఎఫ్ కూడా అంతే. మొత్తం సర్వీసు అయిదేళ్లు కాకముందు తీస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీ పీఎఫ్ ఉంటే ఈ ఖాతాలోకి బదిలీ చేయించుకోండి, ఆ సర్వీసు కూడా కలుస్తుంది. అయినా కోర్సు ఫీజు కోసం పీఎఫ్ ముట్టుకోవద్దనే నా మాట. జీతం వస్తుండగానే నెలనెలా కొంత పక్కన పెట్టి కట్టేయండి.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. మీ ఆవిడ జీతం పోను ప్రతి నెలా మీరు తేవాల్సింది రూ.39 వేలు. జిమ్ వాటా పోగా ఒక్కో క్లయింటు మీద మీకు రూ.4 వేలు మిగులుతాయనుకున్నా, పది మంది కావాలి. ఈ పనిలో గిరాకీ అంతా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్యే ఉంటుంది. మధ్యాహ్నం జిమ్ ఖాళీ. రోజుకు ఆరు సెషన్లు, ఒక్కొక్కరికి రోజు విడిచి రోజు చొప్పున చూసినా మీరు తీసుకోగలిగేది పన్నెండు మందినే. అంటే దాదాపు పూర్తిగా నిండితే తప్ప ఇల్లు గడవదు, పొదుపు మాట తర్వాత. అందుకే జిమ్‌తో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు వాటా ఎంతో కాగితం మీద రాయించుకోండి. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి చేసే చిన్న బ్యాచ్‌లూ, ఆన్‌లైన్ క్లాసులూ మొదలుపెడితేనే ఆదాయం ఆ పన్నెండు దాటుతుంది.

ఈ ఏడు నెలల్లో సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణతో పాటు ఏస్ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్) లాంటి గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ తెచ్చుకోండి. శని, ఆదివారాల్లో ఒకరిద్దరికి ఫీజు తీసుకుని నేర్పండి. అయితే బయటి పని చేయకూడదన్న షరతు మీ నియామక పత్రంలో ఉందేమో ముందు చూసుకుని, ఉంటే హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కొత్త ఏడాది తీర్మానాలతో జనవరిలో జిమ్‌కు వచ్చే జనాన్ని చూసి లెక్క వేసుకోకండి. పరీక్షలు, వేసవి ప్రయాణాలు మొదలయ్యాక ఎంతమంది మిగిలారో అదే మీ అసలు సంఖ్య.

మీ ఎఫ్‌డీ రూ.3.5 లక్షలు ఆ రూ.39 వేల లోటును దాదాపు తొమ్మిది నెలలు పూడ్చగలదు. అందుకే దాన్ని పరికరాలకో, అద్దె స్టూడియోకో పెట్టకండి.

రాజీనామా లేఖ ఇచ్చే ముందే కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ తీసుకోండి. కంపెనీ ఇచ్చే కవరేజీ ఉద్యోగంతోనే పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ ఉండొచ్చు, కాబట్టి ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. టర్మ్ పాలసీ లేకపోతే అదీ జీతం స్లిప్పులు ఉన్నప్పుడే తీసుకోవడం తేలిక. మీ విషయంలో ఇంకొకటి తప్పనిసరి: ప్రమాదంలో గాయమై పని చేయలేని వారాలకు డబ్బిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. భుజానికి దెబ్బ తగిలి నెల రోజులు ఇంట్లో ఉంటే, జిమ్‌లో సిక్ లీవ్ ఇచ్చేవాళ్లుండరు.