మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి రాక్ బ్యాండ్ పెట్టాలనుకుంటున్నాం. బీటిల్స్ లాంటి వాళ్లకి అంత పేరు ఎలా వచ్చింది? టాలెంటా, అదృష్టమా?

నేను ఒక బ్యాండ్‌లో మూడున్నరేళ్లు బేస్ గిటార్ వాయించాను. మా బ్యాండ్ పేరు మీరు విని ఉండరు, ఇక వినే అవకాశం కూడా లేదు. కాబట్టి పేరు ఎలా వస్తుందన్నది బీటిల్స్‌ని చూపించి చెబుతాను. ఎలా రాదన్నది మాత్రం స్వానుభవం.

ముందు మా సంగతి. మాకు తొమ్మిది పాటలు వచ్చు. తలుపులేసుకుని ప్రాక్టీస్ చేస్తుంటే ఆ తొమ్మిదీ అదిరిపోయేవి. ఐదో నెలలో ఒకాయన ఫోన్ చేసి, రెండు గంటలు వాయిస్తారా అన్నాడు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. స్టేజి ఎక్కాక టెన్షన్‌లో ప్రతి పాటనీ ఉరుకులు పెట్టించాం. 35 నిమిషాల్లో సరుకంతా ఖాళీ. పక్కన నిలబడ్డ ఆ పెద్దమనిషి చేత్తో "కానివ్వండి, కానివ్వండి" అని సైగ చేస్తున్నాడు. డ్రమ్మర్ నా వైపు చూశాడు, నేను గిటారిస్ట్ వైపు చూశాను, వాడు నేల వైపు చూశాడు. చివరికి మొదటి పాటే మళ్లీ ఎత్తుకున్నాం. ముందు వరుసలో ఒక పిల్లాడు "ఇది ఇందాక అయిపోయింది కదా" అన్నాడు, హాలంతా వినపడేలా.

ఇప్పుడు బీటిల్స్ దగ్గరికి వద్దాం. 1957 జులై 6న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఒక చర్చి ఉత్సవంలో, తర్వాత బీటిల్స్‌కి మూలమైన జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ కలుసుకున్నారు. ఈ కథ అందరూ చెబుతారు. నాకు మాత్రం అసలు కథ 1960 ఆగస్టులో, వాళ్లు జర్మనీలోని హాంబర్గ్ వెళ్లినప్పుడు మొదలైందనిపిస్తుంది. అక్కడ ఇంద్రా అనే క్లబ్‌లో మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరేసి గంటలు వాయించాలని ఒప్పందం. పడక ఒక సినిమా హాల్లో, తెర వెనక ఉన్న స్టోర్ రూముల్లో, టాయిలెట్ల పక్కన. విన్నవాళ్లేమీ అభిమానులు కారు, తాగడానికి వచ్చిన జనం. ఊరికే నిలబడి వాయిస్తే ఓనర్ ఒప్పుకునేవాడు కాదు, "షో చెయ్యండి" అని అరిచేవాడు. అన్ని గంటలు నింపాలంటే తొమ్మిది పాటలు ఏ మూలకొస్తాయి? దొరికిన ప్రతి పాటా నేర్చుకున్నారు, ఉన్నవాటిని సాగదీశారు, ఒకరి కంటిచూపు ఇంకొకరికి అర్థమయ్యేదాకా వాయించారు.

ఆ ట్రిప్ కూడా సాఫీగా ముగియలేదు. బ్యాండ్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్‌కి అప్పటికి 17 ఏళ్లే. వయసు చాలదని నవంబరులో జర్మనీ నుంచి పంపించేశారు. కానీ డిసెంబరు 27న లివర్‌పూల్ దగ్గరే లిథర్‌లాండ్ టౌన్ హాల్లో వాయిస్తే జనం స్టేజి మీదికి దూసుకొచ్చారు. పోస్టర్ల మీద హాంబర్గ్ నుంచి నేరుగా వస్తున్నారని వేయడంతో చాలామంది వీళ్లని జర్మన్ కుర్రాళ్లనుకున్నారు. ఇంగ్లిష్ భలే మాట్లాడుతున్నారే అని ఆశ్చర్యపోయారట కూడా!

ఆ తర్వాత లివర్‌పూల్‌లోనే ఉన్న కావెర్న్ క్లబ్‌లో దాదాపు 290 సార్లు వాయించారు. 1961 నవంబరులో రికార్డుల షాపు నడిపే బ్రయాన్ ఎప్‌స్టీన్ వాళ్లని చూసింది అక్కడే. మీరన్న అదృష్టం ఇదే అనుకోండి. అయితే ఆయన మేనేజర్ అయ్యాక కూడా 1962 జనవరి 1న డెక్కా అనే రికార్డుల కంపెనీ ఆడిషన్‌లో 15 పాటలు వాయిస్తే వద్దన్నారు. ఆ ఏడే జార్జ్ మార్టిన్ అనే రికార్డ్ ప్రొడ్యూసర్ అవకాశం ఇచ్చాడు. ఆగస్టులో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేసి రింగో స్టార్‌ని తెచ్చుకున్నారు. (పీట్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు పాపమనిపిస్తుంది. హాంబర్గ్ కష్టాలు పడ్డవాడు కదా.) 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డ్ చేశారు, అదీ లెనన్‌కి జలుబుతో గొంతు పోయి ఉండగా. హాంబర్గ్ లేకపోతే అది జరిగే పనేనా? దాదాపు ఏడాదికి, 1964 ఫిబ్రవరి 9న, అమెరికా టీవీలో వాళ్లని చూసినవాళ్లు సుమారు 7 కోట్ల 30 లక్షల మంది. ఒక్కసారిగా వచ్చిన పేరు అని మనం అనేది ఆ రాత్రి గురించే.

మా బ్యాండ్ ఎందుకు ఆగిపోయిందో కూడా చెప్పాలి, మీకు అక్కర్లేని విషయం కాదు. పాటలు చాలక కాదు. ఆ అవమానం తర్వాత కసిగా నేర్చుకుని రెండు గంటలు వాయించే స్థాయికి వచ్చాం. సొంతంగా ఒక పాట కూడా కట్టాం. ట్యూన్ నాది, మాటలు సింగర్‌వి, మధ్యలో వచ్చే గిటార్ బిట్ గిటారిస్ట్‌ది. విన్నవాళ్లకి గుర్తుండేది ఆ బిట్టే. రికార్డింగ్ ముందు రోజు రాత్రి, కింద ఎవరి పేరు వేద్దాం అన్న మాట వచ్చింది. నవ్వుతూనే మొదలైంది. ఎవరి వాటా ఎంత అని మేం ముగ్గురం లెక్కలేసుకుంటుంటే, డ్రమ్మర్ "మరి నేనెందుకు ఉన్నట్టు?" అని స్టిక్స్ బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు స్టూడియోకి ముగ్గురమే వెళ్లాం, గంటలో తిరిగొచ్చేశాం.

పెద్ద బ్యాండ్లకీ ఈ తలనొప్పి తప్పలేదు. క్వీన్ వాళ్లు ఎవరు రాసిన పాటకి వాళ్ల పేరే వేసుకుంటూ ఏళ్ల తరబడి గొడవపడ్డారు. 1989లో వచ్చిన ఆల్బమ్ నుంచి అన్నిటికీ బ్యాండ్ పేరే వేయడం మొదలుపెట్టారు. మేం ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది.

అందుకే మీ నలుగురూ పేర్ల సంగతి ఇప్పుడే, పాట పుట్టకముందే తేల్చుకోండి. ఇక షో ఒప్పుకునేముందు, మీకు మొత్తం ఎన్ని నిమిషాల పాటలు వచ్చో గడియారం పెట్టుకుని చూడండి. వచ్చిన లెక్కలోంచి ఒక పావుగంట తీసేయండి, స్టేజి మీద స్పీడు పెరిగిపోతుంది.