ఒబామాకేర్ మేలు చేసిందా, కీడు చేసిందా? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అల్లుడుగారు ఒహాయోలో, మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటారు. ఫోన్‌లో ఒబామాకేర్ (అమెరికా ఆరోగ్య బీమా చట్టం) మాట వచ్చిందంటే ఇద్దరికీ వాదనే. దానివల్ల మామూలు జనం బతికి బయటపడ్డారని అల్లుడుగారు అంటారు. మధ్యతరగతి నడ్డి విరిగిందని మావాడు అంటాడు. మీరు ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేశారు కదా, ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇద్దరూ తమ చుట్టుపక్కల చూస్తున్నదే చెబుతున్నారమ్మా. నేను ఆ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాను. ఒహాయోలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటూ, ఏటా నవంబర్‌లో మార్కెట్‌ప్లేస్ (ఆ చట్టం కింద సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదిక) తెరుచుకోగానే అడిగినవాళ్ళకు బీమా దరఖాస్తులు నింపిపెడుతుంటాను.

చట్టానికి ముందు సంగతి మీ అబ్బాయి తరానికి పెద్దగా తెలియదు. అప్పట్లో సొంతంగా బీమా కొనాలంటే ఆరోగ్య చరిత్ర అంతా రాసివ్వాలి. షుగర్ ఉందా, ఆస్తమా ఉందా, గర్భవతా, ఎప్పుడైనా డిప్రెషన్‌కు మందులు వాడారా అని పేజీలకు పేజీలు అడిగేవారు. చాలా రాష్ట్రాల్లో ఒక్కదానికి అవునన్నా దరఖాస్తు తిరగ్గొట్టే వీలుండేది. లేదంటే ఆ జబ్బు ఒక్కటీ వదిలేసి మిగతావాటికే బీమా ఇచ్చేవారు. బీమా ఉన్నవాళ్ళకూ చాలా పాలసీల్లో జీవితకాల పరిమితి ఉండేది, అంటే మొత్తం ఖర్చు ఒక మొత్తం దాటితే ఆపైన కంపెనీ కట్టదు. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఒక పిల్లాడి తండ్రి, లారీ డ్రైవర్, మా ఆఫీసుకు ఫోన్ చేసి ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు: "పరిమితిలో ఇంకా ఎంత మిగిలిందండీ?" ఆ పిల్లాడికి అప్పటికి బడి ఈడు కూడా రాలేదు. 2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టం జీవితకాల పరిమితులను ఆ ఏడాది సెప్టెంబర్ నుంచే తీసేసింది. జబ్బు ఉందని పెద్దవాళ్ళకు బీమా నిరాకరించడం 2014 జనవరి 1 నుంచి ఆగింది. ఈ చట్టం మీద నాకున్న గౌరవం ఆ లారీ డ్రైవర్ ఫోన్లు ఆగిపోవడంతో మొదలైంది. అది ఇప్పటికీ తగ్గలేదు.

ఇక రాష్ట్రాల తేడా. పేదలందరికీ మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఇవ్వాలని చట్టంలో రాశారు. కానీ అది రాష్ట్రాల ఇష్టమని 2012 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి ఒహాయో గవర్నర్ జాన్ కేసిక్, ఒబామా ప్రత్యర్థి పార్టీ రిపబ్లికన్ల మనిషైనా, ఒప్పుకున్నారు. టెక్సాస్ ఈనాటికీ ఒప్పుకోలేదు. దీని ఫలితం ఎలా ఉంటుందో చెబుతాను. ఇక్కడ ఒకావిడ ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయించి, వండిపెట్టి బతుకుతుంది. పుట్టుకతో అమెరికన్. ఒంటరి మనిషి, ఏడాదికి 13 వేల డాలర్లు వస్తాయి. 2026 బీమాకు లెక్కలోకి తీసుకునే పేదరిక రేఖ ఒక్కరికి 15,650 డాలర్లు. ఆమె దానికి కింద ఉంది కాబట్టి మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ రాదు. టెక్సాస్‌లో పిల్లల్లేని పెద్దవాళ్ళకు, వైకల్యం ఉంటే తప్ప, సాధారణంగా మెడికెయిడ్ లేదు. ఇంకో మూడు వేలు సంపాదిస్తే ప్రీమియంలో చాలా భాగం ప్రభుత్వమే కట్టేది. అదే మనిషి ఒహాయోలో ఉంటే మెడికెయిడ్ వచ్చేది. ఈ మాట ఆమె ముఖం చూసి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది.

మీ అబ్బాయి బాధకూ అర్థం ఉంది. చిన్న షాపు నడుపుకునే అరవై ఏళ్ళ దంపతులను తీసుకోండి. ఆదాయం 90 వేల డాలర్లు అనుకుందాం. 2021 నుంచి 2025 వరకు అదనపు సబ్సిడీలు ఉండేవి కాబట్టి సిల్వర్ అనే మధ్యస్థాయి ప్లాన్‌కు వాళ్ళు ఆదాయంలో 8.5 శాతం, అంటే ఏడాదికి 7,650 డాలర్లు కడితే సరిపోయేది. ఆ అదనపు సాయం 2025 డిసెంబర్ 31తో ముగిసింది. 2026లో ఇద్దరున్న ఇంట్లో ఆదాయం 84,600 డాలర్లు దాటితే సబ్సిడీ పూర్తిగా పోతుంది. ఆ వయసువాళ్ళకు పూర్తి ప్రీమియం చాలాచోట్ల ఏడాదికి 20 వేలు దాటుతుంది. ఈ సాయం పొడిగించే విషయంలోనే గొడవ ముదిరి, 2025 అక్టోబర్, నవంబర్ నెలల్లో 43 రోజులు అమెరికా కేంద్ర ప్రభుత్వం మూతపడింది.

చట్టం చేయని పని ఇంకొకటి ఉంది. బీమా ఎవరికి ఇవ్వాలో, డబ్బు ఎవరు కట్టాలో చాలావరకు సరిదిద్దింది గానీ ఆసుపత్రి ధరల జోలికి పెద్దగా వెళ్ళలేదు. ఒకే స్కాన్‌కు ఒక బీమా కంపెనీకి ఒక రేటు, ఇంకో కంపెనీకి ఇంకో రేటు, బీమా లేనివాళ్ళకు చాలాసార్లు అన్నిటికంటే పెద్ద రేటు నా చేతులతోనే వేశాను. ప్రీమియంలు పెరగడానికి అసలు కారణం అక్కడుందని నా అభిప్రాయం. అయినా లెక్క చూడండి: 2010లో బీమా లేనివాళ్ళు 4 కోట్ల 60 లక్షలకు పైనే, 2023లో సుమారు 2 కోట్ల 60 లక్షలు. అల్లుడుగారి మాటకే నా ఓటు. మీ అబ్బాయిని మాత్రం తప్పుపట్టను.

ప్రశ్న: మావారి ఉద్యోగం పోయింది. ఆయనకు షుగర్. నలుగురికి కోబ్రా (ఉద్యోగం పోయాక మన డబ్బుతో పాత ఆఫీసు బీమానే కొనసాగించుకునే వీలు) కింద నెలకు 2,100 డాలర్లు కట్టమని ఉత్తరం వచ్చింది. షుగర్ ఉన్న మనిషికి వేరే బీమా ఎవరిస్తారని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: ఇస్తారమ్మా, ఇవ్వక తప్పదు. మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లో ధరకు చూసేది వయసు, ఉండే చోటు, కుటుంబంలో ఎంతమంది, పొగాకు అలవాటు, ఎంచుకున్న ప్లాన్. షుగర్ గురించి అడగరు. ఇంటర్నెట్‌లో మీ నంబర్ ఇచ్చాక ఎవరైనా ఫోన్ చేసి, తక్కువ ధరకు బీమా ఉందని చెబుతూ మీవారి జబ్బుల గురించి ఆరా తీస్తే వెంటనే ఫోన్ పెట్టేయండి. అది ఒబామాకేర్ చట్టం కింద వచ్చే ప్లాన్ కాదు. ఇన్సులిన్ బిల్లు వచ్చాక "పాత జబ్బు" అని చేతులెత్తేస్తారు.

ఆఫీసు బీమా ముగిసిన రోజు నుంచి మీకు 60 రోజులు గడువు. ప్లాన్ ఎంచుకుంటే సాధారణంగా వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొదలవుతుంది. కోబ్రాకు కూడా కనీసం 60 రోజులు గడువు ఉంటుంది. ఆలస్యంగా ఒప్పుకున్నా బాకీ ప్రీమియంలు కడితే వెనకటి తేదీ నుంచి వర్తిస్తుంది. కాబట్టి ఈ మధ్యలో పెద్ద అవసరం వస్తే అది అండగా ఉంటుంది. ఒక జాగ్రత్త: కోబ్రా తీసుకుని, ఆ 60 రోజులు దాటాక ఖర్చు భరించలేక మీ అంతట మీరే మానేస్తే, మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి మళ్ళీ నవంబర్ దాకా ఆగాల్సి రావచ్చు.

దరఖాస్తులో ఆదాయం అంటే ఈ ఏడాది మొత్తం ఆదాయం. జీతం వచ్చిన నెలలు, సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు), నిరుద్యోగ భృతి, మీ సంపాదన అన్నీ కలపండి. తక్కువ చూపిస్తే సబ్సిడీ ఎక్కువ వస్తుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినకండి. 2026 నుంచి, ఎక్కువగా తీసుకున్న సాయమంతా టాక్స్ ఫైలింగ్‌లో తిరిగి కట్టాలి. మీవారికి మధ్యలో ఉద్యోగం దొరికితే ఆ వారమే అకౌంట్‌లో ఆదాయం మార్చండి. మీ పిల్లలు 26 నిండేదాకా మీ ప్లాన్‌లోనే ఉండొచ్చు. కొనేముందు మీవారి డాక్టరు, మందులు ఆ ప్లాన్‌లో ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి.

ప్రశ్న: అపెండిసైటిస్ నొప్పితో అంబులెన్స్‌లో ఎమర్జెన్సీకి వెళ్ళాను. ఆసుపత్రి మా నెట్‌వర్క్‌లోదే, అంటే మా బీమా కంపెనీతో ఒప్పందం ఉన్నదే. మత్తు డాక్టరు మాత్రం నెట్‌వర్క్‌లో లేడని 3,800 డాలర్లకు వేరే బిల్లు పంపారు. కట్టాలా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: నెట్‌వర్క్ రేటు కంటే ఎక్కువ వేసిన తేడా మీరు కట్టనక్కర్లేదు బాబూ. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో మీరు నెట్‌వర్క్ రేటు ప్రకారం మీ వాటా మాత్రమే కట్టాలి. ముందు బీమా కంపెనీ పంపిన ఈఓబీ కాగితం (కంపెనీ ఎంత కట్టింది, మీరు ఎంత కట్టాలి అనే వివరం) తీసి మీ వాటా ఎంతో చూడండి. ఆ కాగితం జతచేసి, చట్టం పేరు రాసి, బిల్లింగ్ ఆఫీసుకు ఉత్తరం పంపండి. రోడ్డు మీద నడిచే అంబులెన్స్‌కు మాత్రం ఈ కేంద్ర చట్టం వర్తించదు. దాని బిల్లు విడిగా వస్తే బీమా కంపెనీకి అప్పీల్ చేయాలి, ఆ అంబులెన్స్ వాళ్ళతోనూ మాట్లాడాలి.

మీ వాటా కూడా భారమైతే, అది లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే, ఆర్థిక సాయం దరఖాస్తు అడగండి. కౌంటర్‌లో వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు. మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల లోపు ఇస్తే, బిల్లు కలెక్షన్‌కు, అంటే బాకీలు వసూలు చేసే వాళ్ళకు, వెళ్ళిపోయినా సరే, వాళ్ళు తీసుకుని పరిశీలించాల్సిందే.