వేగం పుట్టుకతో వచ్చే గుణమా?

కొందరు డ్రైవర్లు ఎంత చెప్పినా వేగం తగ్గించరు, అది వారి స్వభావమేనా, దాన్ని మార్చగలమా అని నన్ను ఒకరు అడిగారు. నేను ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ఒక చిన్న ట్రావెల్స్‌లో డ్రైవర్లకు డ్యూటీలు వేస్తాను. మా బళ్ళు సుంకి ఘాటీ దిగి, సాలూరు మీదుగా విశాఖపట్నం వెళ్తుంటాయి. నేను చూసినంతలో స్వభావానికి పాత్ర ఉంది గాని, మనం అనుకునేంత లేదు.

ఉద్వేగం కోసం వెతుక్కునే గుణాన్ని కొలిచే ప్రశ్నావళిని మనస్తత్వవేత్త మార్విన్ జుకర్‌మన్ 1964లోనే తయారుచేశారు. ఆ గుణానికీ ప్రమాదకరమైన డ్రైవింగుకూ సంబంధం ఉన్న మాట నిజమే. 1997లో బ్రయన్ జోనా అనే పరిశోధకుడు 40 అధ్యయనాలను సమీక్షించినప్పుడు ఆ రెండింటి సహసంబంధం (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తిగా కలిసి నడుస్తాయి) 0.3 నుంచి 0.4 మధ్య కనిపించింది. ఆ అంకెను దానితోనే గుణించి చూస్తే, డ్రైవర్ల మధ్య తేడాలో ఆ గుణానికి దక్కే వాటా సుమారు 9 నుంచి 16 శాతం. నార్వే యువత మీద ఊలెబర్గ్, రుండ్మో అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వ్యక్తిత్వం చాలావరకు నేరుగా కాక, భద్రత పట్ల మనిషికున్న వైఖరి ద్వారానే పనిచేస్తుంది.

మా దగ్గర ఇద్దరు డ్రైవర్లు ఉండేవారు. ఒకతను మహా దూకుడు మనిషి, కోడిపందెం గాని మోటార్‌సైకిల్ విన్యాసం గాని వదిలేవాడు కాదు. అయినా ప్యాసింజర్లు ఎక్కితే ఘాటీలో సెకండ్ గేరు దాటకుండా దిగి, ఎదురెక్కే లారీకి దారిచ్చి ఆగేవాడు. రెండో ఆయన పూజ చేయందే బండి తీయని నెమ్మదస్థుడు, రూపాయి పందెం కాసి ఎరుగడు. కాని డీజిల్ కలిసొస్తుందని బండిని న్యూట్రల్‌లో వదిలి, భారమంతా బ్రేకు మీదే మోపడం వల్ల, సాలూరు చేరేసరికి చక్రాల దగ్గర మాడు వాసన గుప్పుమనేది. అడిగితే, "ఈ ఘాటీ నాకేం కొత్తా బాబూ?" అనేవాడు. ఆయనకు సాహసం మీద మోజు లేదు, తన చేతి మీద నమ్మకం ఎక్కువ. ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదు. 1981లో ఊలా స్వెన్సన్ అనే పరిశోధకుడు ప్రచురించిన సర్వేలో పాల్గొన్న అమెరికన్లలో 93 శాతం మంది డ్రైవింగ్ నైపుణ్యంలో తాము పై సగంలోనే ఉన్నామని చెప్పుకున్నారు.

ఇటువంటి వారికి జరిమానా భయం అంతగా పనిచేయదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తేలికపాటి వాహనానికి అతివేగానికి 1,000 నుంచి 2,000 రూపాయలు కట్టాలి. దాన్ని మావాళ్ళు టోల్ చీటీలతో పాటు ఖర్చుల్లో రాసేస్తారు. ఆ రెండో డ్రైవరుకు తలకెక్కింది లెక్క. ఇరవై కిలోమీటర్ల దిగుడును 30 వేగంతో దిగితే 40 నిమిషాలు, 40 వేగంతో దిగితే 30 నిమిషాలు. మిగిలేది పది నిమిషాలే గాని, బండిని ఆపడానికి బ్రేకులు భరించవలసిన శక్తి వేగపు వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కనుక సుమారు 78 శాతం ఎక్కువవుతుంది. ఆ తర్వాత మా యజమాని ట్రిప్పు బత్తాను రోజు బత్తాగా మార్చి, విమానం అందుకోవలసిన వారిని గంట ముందే బయలుదేరదీయడం మొదలుపెట్టాక, ఆ వాసన మళ్ళీ రాలేదు.

వేగమే సరదా అని మొహమాటం లేకుండా చెప్పే కుర్రాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళతో వాదించను, ఘాటీ డ్యూటీ వేయను. వేగాన్ని హద్దు దాటనివ్వని స్పీడ్ గవర్నర్ బిగించిన బండి ఇచ్చి, బొరిగుమ్మ, నవరంగపూర్ వైపు పంపుతాను.